చూడడంలో దిట్ట

పెళ్ళాన్ని అక్కా అని పిలిచేవాడి మీద అసూయపడకూడదంటారు. ఆ మాట మొదట అన్నదెవరో నాకు తెలియదు గానీ, వాళ్ళావిడ మాత్రం షటిల్ ఆడి ఉండదు.

నాకు ఫోటోలకి ఫ్రేములు కట్టే షాపుంది. మా ఆవిడ రక్తపరీక్షల ల్యాబులో పనిచేస్తుంది. ఆమెని అక్కా అని పిలిచే మనిషి మా షాపు పక్క వరసలో కళ్ళజోళ్ళు అమ్ముతాడు. గోడకి ఆనించిన నిచ్చెనలా ఉంటాడు. నవ్వితే పళ్ళన్నీ కనిపిస్తాయి, ఎప్పుడూ నవ్వుతూనే ఉంటాడు. ఆమె అక్క కాబట్టి నేను బావగారిని. పొద్దున్నే షట్టర్ ఎత్తుతూ "బావగారూ, బాగున్నారా" అంటాడు. ఆ పిలుపుతో నా నోటికి తాళం పడిపోతుంది. పరాయివాడైతే పోట్లాడొచ్చు, కనీసం మొహం తిప్పుకోవచ్చు. బావమరిదితో ఏం చేస్తాం? అనుమానం నాకు ఏ కోశానా లేదు, అది ముందే చెప్పేస్తున్నాను. నాకున్నదల్లా ఒళ్ళుమంట.

అసలు సంగతి సోఫా దగ్గర మొదలుపెట్టాలి. మా హాల్లో టీవీకి ఎదురుగా ఒకే ఒక్క సోఫా ఉంది. ఎడమవైపు ఆమెది, కుడివైపు నాది. నా వైపు మట్టిరంగు దిండు ఒకటి ఉంటుంది. నా నడుము ఎప్పుడో పట్టేసింది, వీపు వెనక ఆ దిండు లేకుండా కాసేపు కూడా కూర్చోలేను. దాని మూల చిరిగితే మా ఆవిడ ఎర్రదారంతో కుట్టింది, వేరే దారం దొరకలేదట. పెళ్ళయిన కొత్తలో మా ఇద్దరికీ మాట్లాడుకోవడానికి ఏమీ దొరక్క మ్యాచ్‌లు చూడడం మొదలుపెట్టాం. తర్వాత మాట్లాడుకోవడానికి అవే దొరికాయి. క్రికెట్, ఫుట్‌బాల్, టెన్నిస్, ఏదొస్తే అది. ఏ ఊరి జట్లో కూడా తెలియని వాలీబాల్ చూసిన రోజులున్నాయి. ఆట మొదలైన కాసేపటికి ఎవరో ఒకరి పక్షం తీసుకునేవాళ్ళం. ఇక వాళ్ళు మా వాళ్ళే, వాళ్ళ ఓటమికి మాకు అన్నం సయించేది కాదు.

చూడడమంటే కళ్ళప్పగించి కూర్చోవడం అనుకునేవాళ్ళున్నారు. వాళ్ళ మొహం. చూడడానికీ ఒక నిష్ఠ ఉంది. మనవాళ్ళకి కలిసొస్తున్నప్పుడు ఎవరు ఎలా ఉన్నారో అలాగే ఉండిపోవాలి. కాలు మీద కాలు వేసుకుని ఉంటే తియ్యకూడదు. చేతిలో గ్లాసుంటే కింద పెట్టకూడదు. ఒకసారి ఫుట్‌బాల్ ఫైనల్లో మా ఆవిడ టీ పెట్టడానికి వంటింట్లోకి వెళ్ళగానే మావాళ్ళు గోల్ కొట్టారు. "అక్కడే ఉండు, కదలకు" అని కేకేశాను. మహాతల్లి, ఆట అయ్యేదాకా పట్టకారు చేత్తో పట్టుకుని పొయ్యి పక్కనే నిలబడింది. గెలిచాం. తర్వాత వచ్చి "ఎలా కొట్టారో చెప్పండి" అని కూర్చుంటే, బల్ల మీద ఉప్పుడబ్బా, చెంచాలు, దగ్గుమందు సీసా పెట్టి ఒక్కో గోలూ ఆడి చూపించాను. "టీవీలో కూడా ఇంత బాగా ఉండి ఉండదండీ" అంది. నన్ను నా జన్మలో ఎవరైనా మనసారా మెచ్చుకున్నారంటే అదొక్కసారే.

ఇలాంటి కాపురంలోకి షటిల్ షుగరు వల్ల వచ్చింది. ఊళ్ళోవాళ్ళ షుగర్లన్నీ చూసే మనిషి ఒకరోజు తన వేలు తానే పొడుచుకుని చూసుకుంటే అంకె సరిహద్దు మీద ఉంది. డాక్టరు నడవమన్నాడు. నడక ఆమెకి విసుగు. సరిగ్గా అప్పుడే కళ్ళజోళ్ళాయన ఏదో పరీక్షకని ల్యాబుకి వెళ్ళాడు. "అక్కా, మన వర్తక సంఘం హాల్లో షటిల్ ఆడదాం రండి, షుగరు ఎటు పోతుందో చూద్దాం" అన్నాడట. పోయింది. షుగరు పోయింది, దాంతోపాటు మా సాయంత్రాలూ పోయాయి.

నాలుగు రోజుల మోజు, ఐదో రోజుకి మోకాళ్ళ నొప్పులు అనుకున్నాను. కానీ ఆమె చెయ్యి పగలంతా జనం నరాలు వెతికే చెయ్యి. లావుపాటి చేతుల్లో, ముసలి చేతుల్లో, ఎక్కడో దాక్కున్న నరాన్ని ఒక్క పోటుకే పట్టేస్తుంది. అలాంటి మణికట్టుకి రాకెట్ ఇస్తే ఊరుకుంటుందా? నెట్ దగ్గర నిలబడి షటిల్‌ని అలా ముట్టుకుంటే చాలు, అది అవతల చచ్చినట్టు రాలేది. వెనక నుంచి ఆ నిచ్చెన మనిషి స్మాష్‌లు బాదేవాడు. చూస్తూ చూస్తూ ఉండగానే ఆ జంటంటే హాల్లో అందరికీ హడల్ పట్టుకుంది.

నేనూ చూడ్డానికి వెళ్ళాను. వెళ్ళనా మరి? కోర్టు పక్కన ప్లాస్టిక్ కుర్చీలో నడుము విరగ్గొట్టుకుంటూ కూర్చున్నాను. అక్కడ విన్నాను ఆమె కేకలు. "నాది." "వదిలెయ్, నేను చూసుకుంటా." "వెనక్కి వెళ్ళు." వాడు "మీదే అక్కా" అంటే ఆమె వెనక్కి తిరిగి కూడా చూడకుండా కదిలేది. ఒకరి మొహం ఒకరు చూసుకోకుండానే ఎవరెక్కడున్నారో ఇద్దరికీ తెలిసిపోతోంది. మాకు అలా తెలియడానికి ఎన్నేళ్ళు పట్టిందో, ఎన్ని మ్యాచ్‌లు పట్టాయో నాకు తెలుసు. వీడికి నిన్నగాక మొన్న వచ్చేసింది. నా కడుపు భగ్గుమంది.

కడుపు మండినవాడు నోరు కట్టుకుని కూర్చోగలడా? ఆమె తప్పు కొడితే "అబ్బా" అన్నాను. సర్వీసు నెట్‌కి తగిలితే అరచేత్తో నుదురు కొట్టుకున్నాను. వాడు తప్పు కొడితే ఇంకాస్త గట్టిగా కొట్టుకున్నాను. టీవీ ముందు ఇవన్నీ మా ఇంట్లో మామూలే. టీవీలో వాళ్ళకి వినిపించవు, అదొక్కటే తేడా.

ఆ రోజు ఇంటికొస్తూ దారిలో ఆమె అంది: "మీరు నుదురు కొట్టుకునే చప్పుడు నాకు కోర్టులోకి వినిపిస్తోందండీ. చెయ్యి ఆగిపోతోంది. రేపట్నుంచి రాకండి."

"నేను చూస్తే నీ చెయ్యి ఆగిపోతుందా?"

"మీరు చూస్తే కాదు. మీరు తీర్పులు చెబితే."

"మీ తమ్ముడు చెబితే ఆగదు కాబోలు."

"వాడు చెప్పడు. వాడు ఆడతాడు."

చెంప మీద ఒకటి కొట్టినా అంత నొప్పి పుట్టేది కాదు. వాడు ఆడతాడు. మరి నేనెవరిని, ఇన్నేళ్ళూ ఆమె పక్కన కూర్చుని ఏం చేసినట్టు?

ఆ మర్నాటి నుంచి సోఫా మొత్తం నాదే. ఏం చేసుకోను? గోల్ పడితే పక్కకి తిరిగేవాణ్ణి, పక్కన ఎవరూ ఉండరు. ఆమె చీకటిపడ్డాక చెమటతో వచ్చి, స్నానం చేసి, ఎడమవైపు కూర్చుని, మ్యాచ్ మంచి పట్టులో ఉండగా గుర్రుపెట్టి నిద్రపోయేది. మెలకువగా ఉన్నంతసేపూ "ఇవాళ తమ్ముడు ఏమన్నాడో తెలుసా" అని మొదలుపెట్టేది. తమ్ముడి జలుబు, తమ్ముడి కొత్త బూట్లు, తమ్ముడి పెళ్ళాం తమ్ముణ్ణి పెట్టే చీవాట్లు. వాడి ఇంట్లో అద్దెకున్నా నాకు అంత తెలిసేది కాదు.

చివరికి నాకూ రోషం వచ్చింది. ఒక రాకెట్ కొన్నాను. ఆదివారం పొద్దున్నే హాలుకి వెళ్ళి కోర్టులో నిలబడ్డాను. ఆట తెలియక కాదు సుమండీ. నాకు తెలిసినంత ఆట ఆ హాల్లో ఎవరికీ తెలియదు. షటిల్ ఎక్కడ పడబోతోందో అందరికన్నా ముందే నాకు కనిపిస్తుంది. ఆ కబురు నా కాళ్ళకి మాత్రం ఆలస్యంగా చేరుతుంది. కాసేపు గాలిని చితక్కొట్టాను. ఆ తర్వాత వంగినవాణ్ణి వంగినట్టే ఉండిపోయాను, నడుము పట్టేసింది. నిచ్చెన మనిషే వచ్చి చంకలో చెయ్యేసి నన్ను బెంచీ దాకా మోసుకెళ్ళాడు.

"బావగారూ, మీరు చూడడంలో దిట్ట. ఈ ఎగరడాలూ దూకడాలూ మాలాంటి మొద్దులకి వదిలెయ్యండి" అన్నాడు.

మంచిగానే అన్నాడు. అదే వాడితో వచ్చిన చిక్కు, ఏదైనా మంచిగానే అంటాడు. అందరూ నవ్వారు. మా ఆవిడా నవ్వింది. అందరి నవ్వూ మర్చిపోయాను గానీ ఆ ఒక్క నవ్వు మాత్రం ఇప్పటికీ పంటి కింద రాయిలా తగులుతూనే ఉంటుంది.

ఇంతలో వర్తక సంఘం పోటీలు పెట్టారు. వీళ్ళిద్దరూ ఒక్కో జంటనూ ఓడించుకుంటూ ఫైనల్‌కి వచ్చారు. ఆ సాయంత్రం ఆమె ల్యాబు నుంచి నేరుగా నా షాపుకొచ్చింది. భుజాన పెద్ద సంచి ఉంది. నేను అద్దం కోస్తున్నాను. తల ఎత్తలేదు.

"ఇవాళ రండి," అంది.

"వద్దన్నావుగా."

"ఇవాళ రమ్మంటున్నాగా. నోరు మూసుకుని కూర్చుంటే చాలు."

"చూద్దాం. అర్జెంటు పనుంది."

పనీ లేదు, పాడూ లేదు. ఆ అద్దం వారం తర్వాత ఇచ్చినా అడిగేవాడు లేడు. నెలల తరబడి నేను కాచుకుని కూర్చున్నది ఆ 'రండి' కోసమే. ఆమె పక్కన నా చోటు ఇంకా నాకే ఉందా, నిచ్చెన మనిషికి పోయిందా, ఆ సాయంత్రం తేలిపోతుందని నాకు తెలుసు. కానీ వద్దన్నప్పుడు ఆగిపోయి, రమ్మన్నప్పుడు పరిగెత్తుకెళ్ళడానికి నేనేమన్నా గుమ్మానికి కట్టిన కర్టెన్‌నా? కాస్త బెట్టు చెయ్యాలనిపించింది. ఆమె సంచి సర్దుకుని వెళ్ళిపోయింది.

నేను షాపు మూసి ఇంటికెళ్ళాను. కాసేపు టీవీ చూసి, తీరుబడిగా, రానా వద్దా అన్నట్టు వెళ్దామని. తీరా చూస్తే నా వైపు దిండు లేదు. మంచం మీద లేదు, బట్టల తీగ మీద లేదు. ఉతకడానికి నానబెట్టిందేమోనని బకెట్లు కూడా చూశాను. ఆమెకి ఆట మీదున్న ధ్యాసలో నా నడుము సంగతే గుర్తులేదని ఒళ్ళు మండిపోయింది. దిండు లేకుండా కూర్చుని చూడనూ లేను, కూర్చోకుండా ఉండనూ లేను. తిట్టుకుంటూ హాలుకి బయల్దేరాను.

వెళ్ళేసరికి మొదటి గేమ్ ఓడిపోయారు. రెండోదాంట్లో వెనకబడి ఉన్నారు. హాలు చెక్కనేల కాబట్టి బూట్లు బయట వరండాలోనే విప్పాలి. అక్కడ స్టూలు మీద వాచ్‌మన్ కూర్చుని తలుపు సందులోంచి ఆట చూస్తున్నాడు. నేనూ ఆ సందులోంచి తొంగిచూశాను. జనం గోడల వెంట నిలబడి ఉన్నారు. కోర్టు పక్కన సరిగ్గా నెట్ ఎదురుగా ఒక కుర్చీ మాత్రం ఖాళీగా ఉంది, దాని మీద మట్టిరంగుది ఏదో పెట్టి ఉంది. నిచ్చెన మనిషి సంచి అయ్యుంటుందనుకున్నాను. మనుషులకి కూర్చోవడానికి దిక్కులేదు గానీ వీడి సంచికి సింహాసనం. పాయింటు పోయినప్పుడల్లా మా ఆవిడ ఆ కుర్చీ వైపే చూస్తోంది. వాడి సంచి మీద అంత ప్రేమ ఎందుకో నాకు అంతుపట్టలేదు.

పళ్ళు కొరుక్కుంటూ గోడకి చెయ్యి ఆనించి ఒక బూటు విప్పాను. లోపల చప్పట్లు వినిపించాయి. పాయింటు మనది. రెండో బూటు తాడు అందుకోబోతుంటే మళ్ళీ చప్పట్లు. చెయ్యి అక్కడే ఆగిపోయింది. ఇంకో పాయింటు, ఆ వెంటనే మరొకటి. ఇది నాకు తెలిసిన సంగతే. ఇన్నేళ్ళ అనుభవం ఊరికే పోతుందా? ఒక కాలికి బూటుతో, ఒక కాలికి లేకుండా, గోడకేసి మొహం పెట్టి అలాగే బిగుసుకుపోయాను.

"లోపలికి వెళ్ళరా సార్?" అన్నాడు వాచ్‌మన్.

"ఉష్, కదిలించకు."

"కాలు పట్టేసిందా?"

"నువ్వు నోరు ముయ్యి, పుణ్యముంటుంది."

రెండో గేమ్ గెలిచారు. మూడోది మొదలైంది. నడుము నన్ను నిలువునా కోస్తోంది. అయినా కదల్లేదు. చూడకపోయినా నాకు అంతా వినిపిస్తూనే ఉంది. ఫట్‌మని మోగితే వాడి స్మాష్. ఏమీ వినిపించక, ఆ వెంటనే జనం "ఆహా" అంటే అది ఆమె. "నాది" అంటోంది. "మీదే అక్కా" అంటున్నాడు. అనుకోరా నాయనా, ఎంతైనా అనుకో, మిమ్మల్ని నిలబెడుతున్నవాడు ఇక్కడ గోడకి అతుక్కుని ఉన్నాడు అని లోపల్లోపల మురిసిపోయాను. ఆ గెలుపులో వాడికెంత వాటా ఉందో నాకూ అంతే ఉందనుకున్నాను. చివరి పాయింటు ఎంతకీ తెగకుండా సాగింది. షటిల్ అటూ ఇటూ, అటూ ఇటూ, జనం ఊపిరి బిగబట్టారు. బూట్లు కీచుమన్నాయి, ఎవరో పడ్డారు. ఒక్క క్షణం చీమ చిటుక్కుమనలేదు. ఆ తర్వాత హాలు పైకప్పు లేచిపోయింది.

రెండో బూటు పీకి పారేసి లోపలికి పరిగెత్తాను. చుట్టూ జనం, ఫోటోలు, కేకలు. ఆమె మోకాలు గీరుకుపోయి ఉంది, చేతిలో కప్పుంది. నన్ను చూసి మొహం విప్పారింది, మరుక్షణం కళ్ళు నా వెనక్కి, గుమ్మం వైపుకి పోయాయి.

"ఇప్పుడా వచ్చేది?"

"ఎప్పుడో వచ్చాను. బయటే ఉన్నా. మిమ్మల్ని గెలిపించిందెవరనుకున్నావు? ఒక బూటు విప్పగానే పాయింట్లు మొదలయ్యాయి. ఇక కదిలితే ఒట్టు."

"చూడలేదా?"

"చూడ్డానికి లోపలికొస్తే పోయేదే మ్యాచ్."

ఆమె మోకాలి మీది దుమ్ము దులుపుకుంది. "పదండి, వంట చెయ్యాలి," అంది.

ఇంటిదాకా ఆమె ముందు, నేను వెనక. భుజాన సంచి ఉబ్బెత్తుగా ఉంది, కప్పు అందులో పెట్టిందేమో అనుకున్నాను. గెలుపు వాడితోనూ, మౌనవ్రతం నాతోనూ. మర్నాడు పొద్దున లేచి చూస్తే నా దిండు నా వైపు మామూలుగానే ఉంది. నిన్న ఎక్కడ పెట్టావని అడిగితే "ఎక్కడో" అంది.

రెండ్రోజులు పోయాక కళ్ళజోళ్ళాయన మా షాపుకొచ్చాడు. "బావగారూ, ఫోటో కడిగించాను. ఒకటి నాకు, ఒకటి అక్కకి. మంచి ఫ్రేములు కట్టండి. సాయంత్రం వస్తా" అని బల్ల మీద పెట్టి వెళ్ళిపోయాడు.

మా వృత్తిలో ఒక సుఖం ఉంది. ఫోటోలోంచి ఎవరినైనా తీసెయ్యొచ్చు, చింపక్కర్లేదు. పైన వేసే మౌంట్ అట్టకి కిటికీ ఎంత కోస్తే అంతవరకే లోకం. విడిపోయిన జంటలూ, మాటలు మానేసిన అన్నదమ్ములూ ఎందరో ఆ అట్ట కింద ఉన్నారు, నా చేతి మీదుగానే వెళ్ళారు. మూలమట్టంలా, ఎల్ ఆకారంలో కోసిన రెండు అట్టముక్కల్ని ఫోటో మీద జరుపుకుంటూ కిటికీ ఎక్కడ కొయ్యాలో చూసుకుంటాం. ఎడమపక్క మా ఆవిడ కప్పు పట్టుకుని నిలబడి ఉంది. ఆమె పక్కన నిచ్చెన మనిషి పళ్ళన్నీ బయటపెట్టి నవ్వుతున్నాడు. కుడి అట్టని మెల్లగా ఎడమకి జరిపాను. వాడి చెవి పోయింది, ముక్కు పోయింది, పళ్ళు పోయాయి. మా ఆవిడ ఒక్కతే మిగిలింది. చాలా రోజుల తర్వాత నాకు హాయిగా ఊపిరాడింది. కొలత రాసుకున్నాను.

అట్ట తీసేస్తుంటే ఫోటో కుడి అంచున ఏదో కనిపించింది. వాడికి అవతలపక్క, జనం మధ్య సందులో, ఆ కుర్చీ. దాని మీద ఉన్నది సంచి కాదు. దిండు. అద్దాలు పెట్టుకుని మళ్ళీ చూశాను. మూలన ఎర్రదారం కుట్టు.

మధ్యాహ్నమంతా నాకు మేకు మీద సుత్తి దెబ్బ సరిగ్గా పడలేదు. సాయంత్రం వాడు రాగానే వేలు పెట్టి చూపించాను. "ఈ కుర్చీ ఎవరిది?"

"మీదే కదా బావగారూ. అక్క తెచ్చి వేసింది, మీకు నడుము నొప్పని. ఎవరు కూర్చోబోయినా 'మా ఆయన వస్తారు' అని లేపేసింది. మా ఆవిణ్ణి కూడా లేపేసింది, ఇంకా అలక తీరలేదు మా ఆవిడకి."

ఫోటోని మళ్ళీ కళ్ళకి దగ్గరగా పెట్టుకుని చూశాను. కాసేపటికి, చచ్చినట్టు, ఆ మనిషినే అడిగాను. "ఆ చివరి పాయింటు ఎలా వచ్చింది? కాస్త చెప్పు."

"ఏమో బావగారూ. అక్క ముందుకి పడిపోతూ ఏదో చేసింది. నేను వెనకున్నాను కదా, నాకు అక్క వీపు తప్ప ఏం కనిపించలేదు. మా ఆవిడ ఫోన్లో తీసింది గానీ సరిగ్గా అప్పుడే ఎగిరి గంతేసింది, అందులో పైకప్పు లైట్లే ఉన్నాయి. మీరు చూసుంటే చెప్పేవారు."

వెటకారం కాదు, వాడికి అది చేతకాదు. మంచిగానే అన్నాడు. వాడి మీద మండాల్సిన మంట ఎటు పోవాలో తెలియక నాలోనే తిరిగింది. షాపు మూసి హాలుకి వెళ్ళి వాచ్‌మన్‌ని అడిగాను. తలుపు సందు దగ్గర కూర్చున్నాడు, వాడైనా చూసి ఉంటాడు కదా.

"లేదు సార్," అన్నాడు బుర్ర గోక్కుంటూ. "మీరు ఒంటి బూటుతో గోడతో మాట్లాడుతుంటే భయమేసి మిమ్మల్నే చూస్తూ కూర్చున్నా."

ఇక ఒక్కరే మిగిలారు. రాత్రి భోజనాలయ్యాక బల్ల మీద ఉప్పుడబ్బా, రెండు చెంచాలు, దగ్గుమందు సీసా పెట్టాను. ఆమె చెయ్యి తుడుచుకుంటూ వచ్చి వాటిని చూసింది, నన్ను చూసింది.

"ఆ చివరి పాయింటు," అన్నాను. "ఎలా కొట్టావో చూపించు."

ఆమె ఉప్పుడబ్బా చేతిలోకి తీసుకుంది, కాస్త జరిపింది, మళ్ళీ మొదటి చోటే పెట్టింది. చెంచా పట్టుకుంది. ఎటు తిప్పాలో తెలియలేదు.

"నాకు తెలీదండీ," అంది. "ఆడుతున్నప్పుడు మనల్ని మనం చూసుకుంటామా ఏంటి? చూడ్డానికే కదా మిమ్మల్ని రమ్మన్నది."

డబ్బా తీసుకుని వంటింట్లోకి వెళ్ళిపోయింది. నేను బల్ల దగ్గర కూర్చుండిపోయాను. ఆ పాయింటు ఏ టీవీలోనూ మళ్ళీ వెయ్యరు. ఆ రోజు హాల్లో గోడల వెంట నిలబడిన ముక్కూ మొహం తెలియని ప్రతి మనిషి మీదా నాకు కడుపుమంట మొదలైంది. నిచ్చెన మనిషి ఒక్కడి మీద అసూయ ఎంతో నయం.

ఫ్రేము కట్టాను. రాసుకున్న కొలత కొట్టేసి, ఫోటో అంచు నుంచి అంచు దాకా కిటికీ కోశాను. టీవీ పైన గోడకి తగిలించాను. ఆమె ఆదివారం సాయంత్రం రాకెట్ సంచి సర్దుకుంటూ దాని ముందు ఆగింది.

"తమ్ముణ్ణి కోసేస్తారనుకున్నాను," అంది.

"కోద్దామనే అనుకున్నా."

"మరి?"

"వాడు పోతే వాడి పక్కనున్న కుర్చీ కూడా పోతుంది."

ఆమె ఫోటోకి దగ్గరగా జరిగి కుడి అంచు చూసింది. ఫ్రేము కొంచెం ఎడమకి ఒరిగి ఉంటే వేలితో సరిచేసింది. చెప్పులేసుకుని గుమ్మం దాటింది. రమ్మంటుందేమోనని చూశాను. అనలేదు. వద్దని కూడా అనలేదు. టీవీలో మ్యాచ్ ఇరుపక్కలా సమానంగా ఉంది, ఇంకాసేపట్లో తేలిపోతుంది. నేను అలాంటప్పుడు లేచిన మనిషిని కాదు. లేచాను. దిండు చంకలో పెట్టుకుని మెట్లు దిగాను.

చప్పుడుకి ఆమె వెనక్కి తిరిగింది. "మ్యాచ్ అయిపోయిందా?"

"లేదు."

ఆమె దిండు వైపు చూసింది. "నుదురు?"

"కొట్టుకోను."

ఆమె ముందుకి నడిచింది, కానీ నేను అందుకునేదాకా నెమ్మదిగానే నడిచింది. వీధి మలుపులో నిచ్చెన మనిషి మా కోసం, కాదు, ఆమె కోసం కాచుకుని ఉన్నాడు. నన్ను చూడగానే పళ్ళన్నీ బయటపడ్డాయి.

"బావగారూ, మీరెందుకు మోయడం, ఆ దిండు ఇలా ఇవ్వండి," అని చెయ్యి చాచాడు.

"అక్కర్లేదు," అని దిండుని రెండు చేతులా పట్టుకున్నాను.